ఎడమపక్క గ్లాసు

మా అమ్మకు కళ్ళు కనిపించవు కాబట్టి మా వంటింట్లో నాకు స్వతంత్రం లేదు. ఉప్పు డబ్బా ఎక్కడుండాలో, గరిటె ఎటు వేలాడాలో అన్నీ ఆమె శాసనాలే. పొయ్యికి ఎడమపక్కన ఉన్న గ్లాసులో ఏముంటే అది ఆమె తాగే నీళ్ళు. చిన్నప్పుడు ఓసారి ఆ చోట నూనె గిన్నె పెట్టి తిన్న చీవాట్లు నాకింకా గుర్తే.

నా ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమెకు నేనంటే నా గొంతు. ముక్కులోంచి వచ్చి, మాట చివర కాస్త పగిలే గొంతు. బస్టాండులో పన్నెండేళ్ళుగా ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో మైకులో చెబుతున్నది ఆ గొంతుతోనే. ఎవరూ వంక పెట్టలేదు. బస్సు కోసం ఎదురుచూసేవాడికి శ్రుతితో ఏం పని?

పేచీ అంతా నా నాటకాల పిచ్చితో వచ్చింది. మా ఊళ్ళో పాటల నాటకాలు ఆడే కంపెనీ ఒకటుంది. వాళ్ళకు నా నడక నచ్చింది, నటన నచ్చింది, పాట దగ్గరికొచ్చేసరికి మూడుసార్లు ఇంటికి పంపేశారు. మూడోసారి ఆ దర్శకుడు ఎంత మర్యాదగా నవ్వాడంటే నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు ముప్పై తొమ్మిది. ఇంకో ఏడాది పోతే పడక్కుర్చీలో కూర్చుని దగ్గే వేషాలే నాకు మిగిలేవి. మర్నాడే వెళ్ళి, ఊళ్ళో అందరూ బుడగల టీచర్ అని పిలిచే ఆవిడ తలుపు తట్టాను.

ఆవిడ గొడుగులు బాగుచేసే కొట్టు పైన ఒంటి గదిలో పాట నేర్పేది. సగం గ్లాసు నీళ్ళు, అందులో ఒక స్ట్రా. ఆ స్ట్రాలోకి స్వరం ఊదాలి. నీళ్ళు బుడబుడమంటుంటే గొంతు మీద బరువు తగ్గుతుంది. అందులో వింతేమీ లేదు, పాడేవాళ్ళు చాలామంది చేసేదే. వింతల్లా పాఠం అయ్యాక ఆవిడ ఆ నీళ్ళు పారబోయకుండా మూతపెట్టి అరలో దాచడం. అర నిండా మూతపెట్టిన గ్లాసులే. మళ్ళీ పాఠానికి మళ్ళీ నా గ్లాసే నా ముందుకొచ్చేది.

"నీళ్ళు మార్చరా టీచర్?" అని అడిగాను.

"ఎలా మారుస్తానమ్మా? నువ్వు వదిలించుకుంటున్న గొంతంతా అందులోనే ఉందిగా" అంది ఆవిడ, బట్టలు ఎక్కడ ఆరేశావంటే చెప్పినట్టు. "ఆడిషన్ రోజు ఇంటికి తీసుకెళ్ళు. పనయ్యాక పాతది కావాలనిపిస్తే తాగేయ్. అక్కర్లేదనుకుంటే పారబోయ్. వేరేవాళ్ళ నోట మాత్రం పడనీయకు."

ఈవిడకు కాస్త తిక్క ఉంది అనుకుని నవ్వుకున్నాను. నేర్పడం మాత్రం బ్రహ్మాండంగా నేర్పేది.

ఆరో వారానికి నా నవ్వు తగ్గింది. మండే ఎండల్లో కూడా ఆ గ్లాసులో నీళ్ళు రవ్వంత తగ్గలేదు. ఒకరోజు టీచర్ లోపలికి వెళ్ళినప్పుడు మూతకు చెవి ఆనించాను. గ్లాసులో ఎవరో గొంతు సవరించుకున్నారు. గబుక్కున వెనక్కి జరిగి, పైపులో నీళ్ళ చప్పుడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ వారమే బస్టాండు కంట్రోలర్ మా మైకు గదిలోకి పరుగెత్తుకొచ్చాడు. "మైకు దగ్గర ఎవరమ్మా కొత్తమ్మాయి?" అని నన్నే అడిగాడు. నాకు గర్వం ఆగలేదు. ఇంటికెళ్ళి తలుపు తోసి "అమ్మా" అన్నాను.

"ఎవరండీ?" అంది అమ్మ.

"నేనే!"

ఆమె నా చెయ్యి పట్టుకుని వేళ్ళన్నీ తడిమింది. "చెయ్యి నా కూతురిదే. గొంతెవరిదే?" అని నవ్వింది. మర్నాడు నవ్వలేదు. తర్వాత తర్వాత నేను మాట్లాడుతున్నంతసేపూ నా మణికట్టు వదిలేది కాదు. ఒక సాయంత్రం మెల్లగా అంది: "కాసేపు మాట్లాడకుండా కూర్చోవే. అప్పుడు నువ్వు ఉన్నట్టుంటుంది."

ఆ మాటకు ఏడుపొచ్చింది. "ఆడిషన్ అవగానే నా పాత గొంతుతో వచ్చేస్తానమ్మా, ఒట్టు" అన్నాను. వేషం వస్తే రేపు దేంతో పాడతావని నన్ను నేను అడగలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ దర్శకుడి నవ్వు మాన్పించాలి. ఆ తర్వాత తాగేస్తాను. అంతవరకే ఆలోచించాను.

ఆడిషన్ రోజు పొద్దున గ్లాసును రెండు చేతులా పట్టుకుని, నీళ్ళు తొణక్కుండా ఇంటికి తెచ్చాను. బయట ఆటో హారన్ కొడుతోంది, నా జడ పిన్ను కనబడలేదు, పాట కాగితాలు కింద పడ్డాయి. గ్లాసును చేతికి అలవాటైన చోట పెట్టేసి పరుగెత్తాను.

ఎలా పాడానో నేను చెప్పుకుంటే డప్పు కొట్టుకున్నట్టుంటుంది. హాల్లో చివరి వరుసలో దీపాలు సరిచేసే మనిషి నిచ్చెన మీదే ఆగిపోయాడు. దర్శకుడు లేచి నిలబడ్డాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ మీరు?" అన్నాడు.

మూడుసార్లు మీ ముందే ఉన్నాను నాయనా అనుకున్నాను. ప్రధాన వేషం నాదే. కాళ్ళు నేల మీద నిలవలేదు.

మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరాను. వీధి తలుపు తీసే ఉంది. లోపల్నుంచి నా గొంతు వినిపించింది.

"వస్తున్నానమ్మా, ఒక్క నిమిషం."

ముక్కులోంచి వచ్చి చివర పగిలే గొంతు. లోపలికి వెళ్ళాను. వంటింట్లో అమ్మ ఒక్కతే స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో గ్లాసు, పక్కన మూత.

"అన్నం తిన్నావా?" అంది అమ్మ, నా గొంతుతో. "తిన్నానమ్మా" అని తనే జవాబు చెప్పుకుంది, అదే గొంతుతో. చెప్పుకుని హాయిగా నవ్వింది. ఎన్ని వారాలైందో ఆమె అలా నవ్వి.

నా అడుగుల చప్పుడుకు తలెత్తింది. "ఎవరండీ?"

వంగి ఆమె ఒళ్ళోంచి గ్లాసు తీసుకున్నాను. అడుగున ఒక్క గుక్క మిగిలింది. తాగేశాను. గోరువెచ్చగా ఉన్నాయి.

"అమ్మా" అన్నాను.

నా గొంతే! ఆమె ముఖం విచ్చుకుంది. రెండు చేతులూ చాచింది. "వచ్చావుటే! ఇందాకట్నుంచీ మాట్లాడుతూనే ఉన్నావు, చేతికి మాత్రం అందవేం?"

ఆ చేతులు పట్టుకున్నాను. అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేకపోయాను.

"నేనే వచ్చానమ్మా" అన్నాను.

ఆ మాట, హాలు చివరి వరుసదాకా వెళ్ళిన గొంతుతో, చిన్న వంటిల్లంతా నిండిపోయింది. ఒక్క గుక్కకు ఒక్క మాటే దక్కింది. అమ్మ చేతులు లాగేసుకుని గోడకు అంటుకుపోయింది.

"ఎవరు నువ్వు? మా అమ్మాయిని ఏం చేశావు?" అని నా గొంతు నన్ను అడిగింది.