ఫాదరు లేని సమాధుల తోటలో నా ఉద్యోగం

నేను ఒక ఇత్తడి బాకాను. బ్యాండు మేళంలో అందరి వెనకా నిలబడి, పొట్ట ముందుకేసుకుని ‘బూం, బూం’ అంటూ ఉంటుందే, ఆ లావుపాటి దాన్ని. పాట వాయించేది క్లారినెట్టు, మెప్పంతా దానికే. నా గొప్ప నేనే చెప్పుకోవాలి, చెప్పడానికి ఇంకెవరూ మిగల్లేదు.

నేను పుట్టింది చెక్ దేశంలో. మతేయ్ కుబీచెక్ అనే రైతు నన్ను గడ్డిలో చుట్టి ఓడెక్కించాడు. పనికొచ్చే సామాను వదిలేసి నన్ను మోసుకొచ్చినందుకు వాళ్ళావిడ సముద్రం పొడుగునా సాధించింది. అమెరికాలో నెబ్రాస్కా అనే చోట, చెట్టన్నది కనబడని గడ్డి మైదానంలో, వాళ్ళూ వాళ్ళ దేశం వాళ్ళూ మట్టిపెళ్ళలతో ఇళ్ళు కట్టుకున్నారు.

అంత దూరం కలిసి వచ్చినవాళ్ళు, వచ్చీరాగానే చర్చి విషయంలో తగువు పడ్డారు. సగంమంది చర్చికి వెళ్ళేవాళ్ళు. మిగతా సగం, దేవుడికీ మాకూ మధ్యవర్తి అక్కర్లేదనేవాళ్ళు. మతేయ్ ఈ రెండో రకం. ఒక చలికాలం అతని చంటిబిడ్డ జ్వరంతో పోయింది. బాప్తిస్మం లేని బిడ్డకి చర్చి సమాధుల్లో చోటివ్వనన్నాడు ఫాదరు. మతేయ్ బతిమాలలేదు. తన పొలంలోనే, మిట్ట మీద గొయ్యి తవ్వాడు. మా సమాధుల తోట అలా మొదలైంది.

గొయ్యి చుట్టూ అందరూ తలలు వంచి నిలబడ్డారు. ప్రార్థన వద్దనుకున్నారు సరే, దాని బదులు ఏం చెయ్యాలో ఎవరూ ఆలోచించుకోలేదు. మతేయ్ ఇంట్లోకి వెళ్ళి నన్ను తెచ్చాడు. పక్కింటతను క్లారినెట్టు తెచ్చాడు. వాళ్ళ ఊరి తల్లులు పాడే జోలపాట వాయించారు. ఆ తర్వాత మిట్ట మీద ఎవర్ని పూడ్చినా అదే పాట. ఫాదరు లేని చోట ఫాదరు ఉద్యోగం మా బ్యాండుది. జీతం బీరు.

చాలామందిని సాగనంపాను. కోత యంత్రంలో పడ్డవాణ్ణీ, పురిట్లో పోయినదాన్నీ, జన్మంతా ఒకరితో ఒకరు మాట్లాడని అన్నదమ్ములిద్దర్నీ, పక్కపక్కనే. సమాధి రాళ్ళకి పింగాణీ బిళ్ళల మీద ఫొటోలు అతికించేవారు. బతికుండగా నవ్వనివాళ్ళు అక్కడా నవ్వలేదు.

మతేయ్ తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు బోహుమిల్ నన్ను ఊదారు. అప్పటికి ఊరు పల్చబడింది. క్లారినెట్టు అతను పోతే చిన్న బాకాల వాళ్ళు వాయించారు. తర్వాత వాళ్ళూ మిట్టెక్కారు. చివరికి బోహుమిల్, నేనూ మిగిలాం. ఇంట్లో పెళ్ళి చేసుకోని అక్క రూజెనా ఉండేది. ఆవిడ మంచం పట్టింది.

“ఒరే, నన్ను ఊరికే మట్టిలో పడేసి రాకు. పాట ఉండాలి” అంది.

“వాయించేవాళ్ళు ఎవరున్నారక్కా?”

“నువ్వు లేవూ?”

“నాకొచ్చింది బూం బూం ఒక్కటే కదా!”

“అదే వాయించు. మిగతాది నేను అనుకుంటాలే.”

ఆవిడ పోయింది. బోహుమిల్ నన్ను కొట్టంలోకి తీసుకెళ్ళి, ఆ జోలపాట నా చేత పలికించాలని చూశాడు. పెట్టుడు పళ్ళు జారాయి. ఆవులు లేచి బయటికి నడిచాయి. నన్ను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు ముసలాయన. నాకూ ఏడుపొచ్చింది.

సమాధి దగ్గరికి వచ్చినవాళ్ళు, శవం పెట్టె తెచ్చిన కారు డ్రైవరుతో కలిపి, ఒక చేతి వేళ్ళకి సరిపోతారు. బోహుమిల్ టోపీ తీసి నన్నెత్తుకున్నాడు. బూం. ఏమీ లేదు. బూం. ఏమీ లేదు. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. డ్రైవరు నవ్వాపుకోవడానికి బూట్ల వంక చూసుకున్నాడు.

అప్పుడు గేటు దగ్గర్నుంచి సన్నటి గొంతు వినబడింది. రోడ్డవతల ఉండే ఒటిలియా, చర్చి వాళ్ళ ముసలావిడ. ఆ పక్కవాళ్ళెవరూ మా గేటు దాటరు, ఆవిడా దాటలేదు. కమ్మీలు పట్టుకుని, ఒక్క మాటా తప్పకుండా జోలపాట పాడింది. ఆవిడ పాట, మా బూం బూం కలిసి రూజెనాని మట్టిలోకి దింపాయి.

“మీకీ పాట ఎలా తెలుసండీ?” అన్నాడు బోహుమిల్.

“చిన్నప్పట్నుంచీ మా పెరట్లో నిలబడి వింటూనే ఉన్నానండీ. మీ మిట్ట వైపు చూడొద్దన్నారు మావాళ్ళు. వినొద్దని మాత్రం ఎవరూ అనలేదు.”

మరుసటేడు బోహుమిల్ పోయాడు. పూడ్చే రోజు ఉదయమే పట్నం మ్యూజియం అతను ఇంటికి వచ్చి, నన్ను దుప్పట్లో చుట్టి కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు. మర్యాదకి మిట్ట దగ్గర కాసేపు ఆగాడు. కారు అద్దం దించే ఉంది.

ఒటిలియా ఈసారి గేటు తోసుకుని లోపలికొచ్చింది. గొయ్యి పక్కన నిలబడి పాడింది. ఒక ముక్క పాడి, నా బూం పడాల్సిన చోట ఆగింది. మళ్ళీ పాడింది, మళ్ళీ ఆగింది. పాటంతా అలాగే, తొందర లేకుండా. నాకోసం ఎవరైనా ఆగడం నా బతుకులో అదే మొదలు. కారులో నేను నోరు తెరుచుకునే ఉన్నాను. ఊదేవాడు ఆ పెట్టెలో ఉన్నాడు.