సాయంత్రం పెట్టే పిట్టలు

సారమ్మ గుప్పెడు తెల్లపొడిని ముందు శేరు మొక్కజొన్న పిండిలో కలిపింది. ఆ పిండిని తట్టెడు పిండిలో, దాన్ని మళ్లీ దాణా కుప్పలో. ఒకేసారి కుమ్మరిస్తే ఒక పిట్టకు ఎక్కువ, పది పిట్టలకు సున్నా. గుడ్డుకూ ఈకకూ బలమిచ్చే ఆ పొడి సంచి మీద మెథియోనిన్ అని రాసి ఉంటుందట. ఆమెకు చదువు రాదు, వాసన తెలుసు. కుళ్లిన క్యాబేజీ వాసన. ఎంత రుద్ది కడిగినా చేతుల్ని వదలదు. ఆదివారం ప్రార్థనలో పక్కనున్నవాళ్లు మర్యాదగానే కాస్త జరుగుతారు. భర్త దావీదు పోయి ఏడేళ్లు. ఇంట్లో ఆ వాసనను తిట్టే మనిషి కూడా లేడు.

శిరివెళ్ల దగ్గరి ఈ షెడ్డులో ఎనిమిది వందల కౌజుపిట్టలు. యజమాని ప్రవీణ్ చెడ్డవాడు కాదు గాని, నిదానమే ప్రధానమని అతనికి ఎవరూ చెప్పలేదు. వేసవిలో చవగ్గా దొరికిందని కోళ్ల దాణా తెచ్చి పోయించాడు. కోడైతే ఏంది, కౌజైతే ఏంది అన్నాడు. కౌజు ఒళ్లు చిన్నది, ఆ ఒంటికి గుడ్డు పెద్దది. కోడి తిండి దానికి చాలదు. నెల తిరక్కుండానే రోజుకు ఆరు వందల గుడ్లు రెండు వందలకు పడిపోయాయి. పిట్టలు ఒకదాని ఈకలు ఒకటి పీక్కున్నాయి. మాంసానికి అమ్మేస్తానంటే సారమ్మ అడ్డం పడింది. పదో రోజుకు నాలుగు వందలు పెట్టిస్తానని మాటిచ్చి, తన పాత పద్ధతిలో దాణా కలపసాగింది.

ఇవాళ పదో రోజు. దాణా పోస్తూ ఒక పిట్టను పట్టి, పొట్ట కింద వేలు ఆనించి చూసింది. గుడ్డు తగిలింది. పక్కదానికీ తగిలింది. ఆ వరస పొడవునా అంతే. సారమ్మకు ఏడుపొచ్చేంత సంతోషమేసింది. చెప్పుకోవడానికి ఎవరూ లేక ఆ మాట పిట్టలకే చెప్పింది.

మధ్యాహ్నం ప్రవీణ్ వచ్చాడు. వెనకాలే నంద్యాల నుంచి మాంసం దుకాణం బండి.

"నిన్న మూడు వందలే గదా సారమ్మా. పది దినాలూ అయిపాయ."

"యాడయిపాయప్పా? ఇవి కోడి మాదిరి పొద్దన్నే పెట్టవు. పొద్దు వాలినంక పెడతాయి. కడుపుల్లో ఉండాయి, నువ్వే పట్టి సూడు."

ప్రవీణ్ చెయ్యి చాచబోయి ఆగాడు. "బండోడు ఆగనంటాండాడు. నీ చేతికైతే బెదరవు. నువ్వే పట్టియ్యి."

పట్టిచ్చింది. ఎనిమిది వందలూ. చాలా పిట్టల పొట్టల్లో గుడ్డు ఆమె వేళ్లకు తగులుతూనే ఉంది. మొదట్లో "ఇదిగో, దీనికీ ఉండాదప్పా" అంటూ వచ్చింది. సగం గూళ్లు ఖాళీ అయ్యాక అనడం మానేసింది.

బండి కదిలింది. మళ్లీ పిట్టలు తెచ్చినప్పుడు కబురు చేస్తానన్నాడు ప్రవీణ్. ఆమె తలూపి, టిఫిను డబ్బా తీసుకుని, రోడ్డు మీద ఆళ్లగడ్డ ఆటో ఎక్కింది. అప్పటికింకా నాలుగు కాలేదు.

పట్టే హడావిడిలో ఒక పిట్ట ఆమె అరచేతిలోనే గుడ్డు పెట్టేసింది. యజమాని సొత్తని దాన్ని ఆమె తీసుకుపోలేదు. షెడ్డు గుమ్మం పక్కన, ముప్పై గుంటల గుడ్ల అట్టలో, నల్లమచ్చల గుడ్డు ఒక్కటే ఉంది.