కడీల వరసలో హద్దురాయి

నన్ను చూసి కంచెకు పాతే రాతి కడీ అనుకోకండి. నేను హద్దురాయిని. కంచె తీగ కోసం ఒంటికి మూడు చిల్లులు పొడిపించి నన్ను కడీల వరసలో నిలబెట్టినవాడు సాయిలు. మనుషులంటే నాకు అంతకుముందు చిరాకు మాత్రమే ఉండేది. ఆ రోజునుంచి అసహ్యం.

నన్ను గుట్టనుంచి చీల్పించి తెచ్చింది సాయిలు తండ్రి. ఇద్దరు కొడుకులకూ చెలక భూమి పంచిననాడు గుంత తవ్వించి, "చెరొక దోసెడు బొగ్గులు పొయ్యుండ్రి. రాయి పోయినా బొగ్గు కుళ్లది" అన్నాడు. అన్నదమ్ములిద్దరూ పోశారు. ఆ బొగ్గుల మీద ఇరవై ఏళ్ళు కదలకుండా నిలబడ్డాను.

చిన్నవాడు పాము కరిచి పోయాడు. అతని భార్య రాజవ్వ ఒంటరిగా సేద్యం చేస్తోంది. ఆమె ఎడ్లు చెలకలోకి దిగాలంటే నా పక్కన, ఆమె వైపున్న బాటే దిక్కు. ఆ బాట తన కంచెలో కలిపేసుకుంటే గతిలేక చెలక తనకే అమ్ముతుందని సాయిలు ఎత్తు.

ఆమె అంగడికి పోయిన రోజు చూసి ట్రాక్టరు నిండా కడీలు దించాడు. నన్ను పెకలించి, గుంత పూడ్చి, బాటకు అవతల తాడు లాగాడు. ఎనిమిది అడుగులకొకటి పడుకోబెట్టుకుంటూ పోతే చివర ఒకటి తక్కువైంది. ఇంకొకటి తెప్పించాలన్నాడు మేస్త్రీ.

"గీ రాయి లేదా? చిల్లులు కొట్టు" అన్నాడు సాయిలు. కడీ ఖర్చూ మిగిలింది, దొంగసాక్షీ దొరికింది. కక్కుర్తికి తెలివి తోడైతే ఇంతే.

రాజవ్వ తిరిగొచ్చి పెద్దమనుషులను పిలిచింది. సాయిలు నా నెత్తిమీద చెయ్యేసి, "మా నాయిన పాతిన రాయి. పాతిన కాడనే ఉన్నది" అన్నాడు. నోరుంటే ఆ చేతిని కొరికేదాన్ని.

 భర్త చెప్పిన బొగ్గుల సంగతి గుర్తుంచుకున్న మనిషి రాజవ్వ. నా కింద తవ్వమంది. ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. తర్వాత బాటకు ఇవతల పాత చోట తనే గడ్డపార వేసింది. మోచేతి లోతులో బొగ్గులు బయటపడ్డాయి.

"రాయిని జరిపినవు గని బొగ్గుల మరిచినవు బావా. అండ్ల సగం నీ చేతివే."

 మర్నాడే సాయిలు కడీలన్నీ పీకించుకున్నాడు. నన్ను మళ్ళీ బొగ్గుల మీద నిలబెట్టారు. నా చిల్లుల్లో పలుపు దూర్చి రాజవ్వ ఎడ్లను కడుతోంది. సాయిలు అటుగా పోయినప్పుడల్లా నన్నొక తన్ను తన్నుతాడు. కుంటేది ఆయనే.

క్షమించానా అంటే, లేదు. నా కింద ఆయన పోసిన బొగ్గులేవో, తమ్ముడు పోసినవేవో ఎవరూ విడదీయలేరు. విడదీయగలిగితే ఆయనవి ఏనాడో బయటికి ఉమ్మేసేదాన్ని.