మల్లీశ్వరి వేసిన మార్కు

శింగనమల హైస్కూలు నుంచి కర్నూలు మెడికల్ కాలేజీ దాకా, ఆ తర్వాత పెద్ద చదువుల్లోనూ డాక్టర్ ప్రశాంతికి తక్కువ మార్కు వేసినవాళ్లు లేరు. అలాంటి మనిషికి ముప్పై రెండో ఏట, అనంతపురంలో, ఒక నర్సు నాలుగుకు ఒకటి వేసింది.

ఆ ఆసుపత్రి కడుపు జబ్బులది. కాలేయం నుంచి పైత్యం దిగే నాళంలో రాళ్లు ఇరుక్కుంటే, కడుపు కోయకుండా నోట్లోంచి గొట్టం పంపి తీసే పని నేర్చుకోవడానికి ప్రశాంతి అక్కడ చేరింది. మామూలు ఎండోస్కోపీ ఎంత బాగా వచ్చినా ఇది వేరే విద్య. పేగు గోడ మీద చిన్న బుడిపె ఉంటుంది. దాని నోట్లోంచి సన్నని తీగను పైత్యనాళంలోకి ఎక్కించాలి. క్లోమం నాళం కూడా అక్కడే తెరుచుకుంటుంది. తీగ పదేపదే అటు పోయిందంటే క్లోమం వాచి, మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

ఇన్ని కేసులు చేస్తే వచ్చేసినట్టే అని చాలాచోట్ల సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. ఇక్కడి పెద్ద డాక్టరు నాగేశ్వర దానికి ఒప్పుకోడు. ప్రతి కేసు తర్వాత కాగితం నింపాల్సిందే. గొట్టం సరిగ్గా చేరిందా, తీగ ఎంతసేపటికి ఎక్కింది, రాయి మొత్తం వచ్చిందా, చేతకానప్పుడు ఆపి పెద్దవాళ్లకు ఇచ్చారా అని ఒక్కోదానికి ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు. ఒక కాగితం ఆయన నింపుతాడు, ఇంకొకటి పక్కన నిలబడి తీగ అందించే నర్సు మల్లీశ్వరి. ఒకరిది ఒకరు చూసుకోకూడదు.

డాక్టర్లకు నర్సు మార్కులేమిటని నవ్వుకున్నవాళ్లు ఉన్నారు. మల్లీశ్వరి కూడా మొదట జంకింది. గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి, పద్దెనిమిదేళ్లుగా ఆ గదిలోనే పనిచేస్తున్న మనిషి. నువ్వు చూసినన్ని చేతులు నేను చూడలేదు, చూసింది కాగితం మీద పెడితే చాలు అని నాగేశ్వర ఆమెను ఒప్పించాడు.

ప్రశాంతి చదువు ముగింపుకొచ్చింది. కదిరిలో ఒక ఆసుపత్రి ఆమె కోసం ఉద్యోగం అట్టిపెట్టింది. ఆ సమయంలోనే కుందుర్పి నుంచి గంగక్క వచ్చింది. అరవై ఏళ్ల మనిషి, కళ్లు పసుపు ముద్దలయ్యాయి. ప్రశాంతి గొట్టం పంపింది గానీ తీగ ఎక్కలేదు. పక్కనున్న నాగేశ్వర గొట్టం నాకు ఇస్తావా అని అడిగితే, ఇంకొక్కసారి సార్ అంది ప్రశాంతి. ఆ ఒక్కసారి ఏడెనిమిదిసార్లయింది. పద్నాలుగో నిమిషంలో తీగ ఎక్కింది, రాయి బయటికొచ్చింది. ప్రశాంతి గెలిచినట్టే చేతులు కడుక్కుంది.

సాయంత్రానికి గంగక్క నొప్పితో మెలికలు తిరిగిపోయింది. క్లోమం వాచింది. తొమ్మిది రోజులు మంచం దిగలేదు. ప్రశాంతి రోజూ రెండు పూటలా వచ్చి కూర్చునేది. చివరికి గంగక్క రాగి జావ రెండు గుక్కలు తాగి, ఆమె ముఖం చూసి, "రాయి తీసినావు గదమ్మా, ఇంగెందుకు అట్లుండావు?" అంది. తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేది.

నెలాఖరు సమావేశంలో నాగేశ్వర రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాడు. చివరి ప్రశ్నకు, అంటే ఆపి ఇచ్చారా అన్నదానికి, ఆయన మూడు వేశాడు. మల్లీశ్వరి ఒకటి వేసింది. అంతకుముందు పది కేసుల్లోనూ ఆ ఒక్క గడిలో ఆమెవి ఒకట్లూ రెండ్లే. ఆమెదే నిజమని, తాను ఆపాల్సి ఉండీ ఆపలేదని, తప్పులో తనకూ భాగముందని ఆయన అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ప్రశాంతి సర్టిఫికెట్ మూడు నెలలు వాయిదా వేశాడు.

ఆమె ముఖం మాడిపోయింది. నేరుగా గొట్టాలు కడిగే గదికి వెళ్లి, ఎందుకు వేశావని అడిగింది. మల్లీశ్వరి కడగడం ఆపలేదు.

"మీ చెయ్యి మంచిదే మేడమ్. ఈడికొచ్చినోళ్లలో అట్లాంటి చెయ్యి ఒకరిద్దరికే చూసినా. కానీ ఎక్కకపోతే మీకు పంతం వస్తాది. నేను గడియారం చూస్తాంటా. ఐదు నిమిషాలు దాటినాక మీ చెయ్యి మొదుటి మాదిరి ఉండదు. ఈడ సారుండాడు. రేపు కదిరిలో ఎవురుంటారు?"

ప్రశాంతి గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. రెండు రోజులు తీగ అడగడానికి తప్ప మల్లీశ్వరి వైపు చూడలేదు. మూడో రోజు తానే వచ్చి, "అక్కా, ఐదు నిమిషాలు కాంగానే నాకు చెప్పు" అంది.

ఆనాటి నుంచి మల్లీశ్వరి మెల్లగా "ఐదు" అనేది, ప్రశాంతి గొట్టం నాగేశ్వరకు ఇచ్చేసేది. మొదట్లో ఇచ్చిన ప్రతిసారీ ప్రాణం చివుక్కుమనేది. పోను పోను, పక్కన నిలబడి ఆయన మణికట్టు ఎటు తిరుగుతోందో చూసే ఓపిక వచ్చింది. తాను చేస్తున్నప్పుడు కనిపించనివెన్నో అప్పుడు కనిపించాయి. మూడో నెలలో మల్లీశ్వరి నోరు తెరవకముందే ఇవ్వడం అలవాటైంది. సర్టిఫికెట్ చేతికొచ్చింది, కదిరి వెళ్లిపోయింది.

పది నెలలు గడిచాయి. తనకల్లు నుంచి ఓబుళేసు అనే రైతును కొడుకు కేశవ కదిరి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. కామెర్లు, చలిజ్వరం, నాళంలో రాయి. గొట్టం లోపలికి పోయాక చూస్తే పేగు గోడలో ఒక సంచీలాంటి గుంట, దాని అంచులో నక్కి ఉంది బుడిపె. తీగ రెండుసార్లు క్లోమం వైపు పోయింది. పక్కన పెద్ద డాక్టరు లేడు, చెప్పేవాళ్లు లేరు. మూడోసారి ఎక్కుతుందేమోనని ప్రశాంతికి గట్టిగా అనిపించింది. తల ఎత్తి గడియారం చూసింది. ఐదు దాటింది. గొట్టం బయటికి తీసేసింది.

క్లోమం వాయకుండా మందిచ్చి, జ్వరానికి యాంటీబయాటిక్ పెట్టించి, నాగేశ్వరకు ఫోన్ చేసి బయటికొచ్చి, తన వల్ల కాలేదని కేశవకు ఉన్నదున్నట్టు చెప్పింది.

అతను మండిపడ్డాడు. "చేతగాదని ముందే చెప్పల్ల గదా మేడమ్. గొట్టమేసి, తీసి, ఇప్పుడు అనంతపురం పొమ్మంటే ఎట్ల?"

"ముందు తెలీలేదప్పా, చూసినాకే తెలిసింది. ఇంగా గుచ్చితే మీ నాయనకే చేటు. ఆడ సారు తయారుగా ఉండాడు. నేనూ మీ వెంట వస్తా."

అంబులెన్సులో రెండు గంటలూ ఓబుళేసు నాడి పట్టుకునే కూర్చుంది. నాగేశ్వరకే నలభై నిమిషాలు పట్టింది, గొట్టంలోంచే బుడిపె మీద చిన్న కోత పెట్టి నాళంలోకి పోవాల్సి వచ్చింది. చీముతో కలిసిన పైత్యం బయటికి దూకింది. కదిరిలో ఇంకా ప్రయత్నించి ఉంటే మనిషి దక్కేవాడు కాదని, గొట్టం బయటికి తీశాక ఆయన ఒక్క మాటే అన్నాడు.

మరునాటికి జ్వరం దిగింది. ఓబుళేసు లేచి కూర్చుని, శెనిక్కాయ పీకించాల, ఎప్పుడు పంపుతారని అడిగాడు. కేశవ ప్రశాంతి ఎదురుగా వచ్చి నిలబడి, నిన్నటి మాట మనసులో పెట్టుకోవద్దని చేతులు జోడించాడు. ఆమె ఆ చేతులు దించి, నాయన దగ్గరికి పొమ్మంది.

మల్లీశ్వరి క్యాంటీన్‌లో టీ తాగుతుంటే ప్రశాంతి వెళ్లి ఎదురుగా కూర్చుంది. తనూ ఒక టీ తెప్పించుకుంది.

"ఆ పొద్దు నువ్వు ఒకటి వేయకపోయుంటే, నిన్న ఆ మనిషిని నేనే పోగొట్టుకొనుంటా అక్కా. అప్పుడు నీ మీద కోపం తెచ్చుకున్యా. ఇన్ని రోజులకు చెప్తాండా, నీ మేలు మరిచిపోను."

మల్లీశ్వరి టీ గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత తల వంచుకుని, "అది వేసేటప్పుడు భయపడినా మేడమ్. మీరు డాక్టర్లు, పెద్దోళ్లు. నా ఉద్యోగం పీకిస్తారేమో అనుకున్యా" అంది.

ఆ భయం సంగతి ప్రశాంతికి అప్పటిదాకా తట్టనే లేదు. తనను సరిదిద్దడానికి ఆ మనిషి తన కూటినే పణంగా పెట్టిందని ఇప్పుడు తెలిసింది. లేచి వెళ్లి మల్లీశ్వరి పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకుంది. తరువాతి కేసుకు పిలుపు వచ్చేదాకా ఇద్దరూ అట్లాగే ఉన్నారు.