తలల లెక్క

బస్తాను వీపు మీద సర్దుకుని లారీకి ఆనించిన పలక ఎక్కుతూనే సైదులు ఒక చేత్తో చొక్కా జేబు తడుముకున్నాడు. పొద్దున బామ్మర్ది మళ్లీ చేస్తానన్న ఫోన్ ఇంకా మోగలేదు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలెత్తే మనిషికి మెడ నుంచి మడమ దాకా బూడిద రంగే. కనురెప్పల మీద కూడా సిమెంటు పేరుకుని, యాభై దాటని మనిషి ముసలివాడిలా కనిపిస్తాడు.

నిరుడు వానాకాలం నీలినాలుక రోగానికి అతని గొర్రెల మందలో సగం పోయింది. మిగిలినవీ చచ్చేలోపు అమ్మేసి, ఆ డబ్బును బామ్మర్ది నాగేందర్ మాట మీద ఫోన్లో పెట్టించాడు. చేతిలో ఉంటే ఖర్చవుతుంది, బ్యాంకులో ఉంటే చుట్టాలకు తెలుస్తుంది. ఇదైతే స్టేబుల్ కాయిన్, ఎప్పుడు చూసినా ఒక కాయిన్ ఒక డాలరే, పైగా వడ్డీ అన్నాడు నాగేందర్. తొలకరికి ఆ డబ్బుతోనే మళ్లీ మందను కొనాలి. సైదులుకు వేరే కోరిక లేదు. బస్తాలెత్తడం అతని లెక్కలో పనే కాదు, మధ్యలో వచ్చిన జబ్బు.

ఇంకో లారీ వెనక్కి వచ్చి ఆగేలోపు ఫోన్ మోగింది.

"బావా, కాయిన్ జర దిగింది. ఎక్స్ఛేంజ్‌ల అందరు అమ్మెటోళ్లే, కొనెటోళ్లు లేరు. డాలర్‌కు పలికేది తొంబై సెంట్లకు పలుకుతాంది. అమ్మెయ్యాల్నా?"

బుద్ధెరిగినప్పటి నుంచి సైదులుకు ఒకటే తెలుసు. అంగడిలో ధర పలకకపోతే జీవాన్ని అమ్మకూడదు, ఇంటికి మలుపుకుని రావాలి. ఇంకో వారం మేస్తే ఇంత కండ పడుతుంది. కాయిన్ మేత మేయదన్న సంగతి ఆ గాబరాలో తట్టలేదు.

"అమ్మకు. మలుపుకొచ్చెయ్," అన్నాడు.

"ఏడికి మలుపుతం బావా? ఒక తొవ్వ ఉంది. మన కాయిన్ ఇచ్చేస్తే కంపెనీ నిండు డాలర్ విలువకు తనదే ఇంకో రకం, తోడు కాయిన్లు ఇస్తదట. గట్ల మార్చుకుంటే మన కాయిన్లు తగ్గి దాని ధర మళ్ల లేస్తదంటున్నరు."

"ఎన్నొస్తయ్?"

"మస్తు వస్తయ్. ఆ తోడుది గూడ దిగింది గద, నిన్నటికన్న ఎక్కువనే ఇస్తున్నరు."

ఎక్కువ అన్న మాటకు సైదులుకు ప్రాణం లేచొచ్చింది. గొల్లవాడికి ఆస్తి అంటే తలల లెక్క. ధర ఎంతయినా పలకనీ, పొద్దుగూకి దొడ్డికి ఎన్ని తలలు చేరాయన్నదే ముఖ్యం. మార్చెయ్యమన్నాడు.

మధ్యాహ్నం సద్ది విప్పి పక్కన పెట్టి ఫోన్ తీశాడు. ఫోన్లో కాయిన్ల అంకె వేలల్లో ఉంది. పక్కనున్న రూపాయల అంకె మాత్రం చూస్తుండగానే తరిగిపోతోంది. నాగేందర్‌కు ఫోన్ కలిపాడు.

"అందరు గిట్లనే మారుస్తున్నరు బావా," అన్నాడు నాగేందర్. "మార్చినకొద్ది తోడు కాయిన్లు కొత్తగ పుడుతున్నయ్. అవన్ని తెచ్చి మళ్ల ఎక్స్ఛేంజ్‌లనే గుమ్మరిస్తున్నరు. దాని ధర పడ్డకొద్ది ఇంకిన్ని ఎక్కువ పుట్టియ్యవట్టె."

"అయితె ఇప్పుడన్న అమ్మరాదు?"

"కొనెటోడేడి బావా?"

కరువు వచ్చిన ఏడు తిరుమలగిరి అంగడికి ఊళ్లన్నీ జీవాలను తోలుకొచ్చిన రోజు సైదులుకు కళ్లముందు నిలిచింది. ఆ రోజు కొనేవాడు చెప్పిందే ధర. గొర్రెదాటు అంటే ఏమిటో లోకానికి నేర్పిన ఇంట పుట్టి, ఫోన్లో జరుగుతున్న గొర్రెదాటును పోల్చుకోలేకపోయాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. బామ్మర్దిని తిట్టబోయి ఆగాడు, పాపం వాడి పైసలూ అందులోనే ఉన్నాయి. ఇక ఈ జన్మకు తనదంటూ ఒక మంద ఉండదేమోనని భయం వేసింది. ఆ భయంతోనే సాయంత్రం దాకా బస్తాలెత్తాడు. డ్యూటీ దిగేవేళకు ఆ వేల కాయిన్లన్నీ కలిపినా ఒక మేకపిల్ల రాదు.

ఇంటిదారిలో ఒక పెద్ద మంద రోడ్డు దాటుతోంది. వేసవి మేపుకు కృష్ణ ఒడ్డుకు తోలుకుపోతున్న గొల్ల పెద్దులుది. పాత పరిచయమే, ఒకప్పుడు ఇద్దరి మందలూ పక్కపక్కన మేసినవే.

"జీతానికి మనిషి దొరుకుతడా సైదులూ?" అనడిగాడు పెద్దులు.

"నేనొస్త."

పెద్దులు నవ్వాడు. సైదులు మొహం చూసి నవ్వు ఆపేసుకున్నాడు. "నువ్వు జీతానికా? తెల్లారంగ రా మరి," అని కర్ర ఎత్తి మందను అదిలించాడు.

ఇంట్లో భార్య గుర్వమ్మకు సంగతంతా చెప్పేసరికి చాలాసేపు పట్టింది.

"మనయి కాని జీవాల ఎనక తిరుగుతవా?" అంది.

"జీవాలయితే జీవాలే గదనే."

తెల్లారి ఆమె లేచేసరికి అతని చాప చుట్టి ఉంది. గొంగడీ కర్రా లేవు. పొయ్యి రాజెయ్యబోతూ గుర్వమ్మ గూట్లోకి చూసింది. తొలకరికి కొనే గొర్రెల వీపుల మీద తన గుర్తు వేసుకోవడానికి సైదులు నూరి పెట్టుకున్న ఎర్ర జాజు రంగు గురిగి, మూతికి కట్టిన గుడ్డ ముడి విప్పకుండా, అక్కడే ఉంది.