దూలయ్య గడియారం

పదిహేడోదానికి కీ ఇస్తూ జానీ మియా ఊపిరి బిగబట్టాడు. పాతకాలపు చేతిగడియారం స్ప్రింగు నిండేవేళ వేలికి చీమంత బిగువు తగులుతుంది, అక్కడ ఆపాలి. ఆపాడు. పెళ్ళాం మహబూబీ పెళ్ళినాటి మఖ్మల్ ముక్క పరిచిన పెట్టెలో అన్నీ కలిసి చిరుజల్లులా టిక్కుటిక్కుమన్నాయి. ఆమె పోయిన ఇంట్లో ఆయనకు అదే పలకరింపు. ఊరంతా బ్యాటరీ వాచీలకు మారుతుంటే, ముప్పయ్యేళ్ళనాటి వీటిని ఇల్లిల్లూ తిరిగి కొన్నాడు. డాక్టరుగారు, కరణంగారు అంటూ సొంతదారుల పేర్లతోనే వాటిని పిలిచేవాడు.

పద్దెనిమిదోది చనిపోయిన లారీ డ్రైవరు దూలయ్యది. దానికి కీ అక్కర్లేదు, చేతి కదలికకే నడుస్తుంది. ఏడేళ్ళుగా అది జానీ మియా మణికట్టు విడవలేదు. ఈమధ్య మాత్రం చచ్చినవాడు చెయ్యి పట్టుకుని వెంట నడుస్తున్నట్టుంటోంది. వెనక చెప్పుల చప్పుడు వినబడి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

భద్రాచలం కలప డిపోలో టేకు దుంగలకు నంబర్లు కొట్టడం ఆయన పని. సుత్తి పడగానే పచ్చి టేకు వాసన గుప్పుమంటుంది. ఇన్నేళ్ళయినా ఆ వాసనకు నవ్వుకునేవాడు. ఇవాళ నవ్వలేదు. ఎడమ రెక్క పొద్దుటినుంచీ లాగుతోంది.

"ఏంది మియా, గడియారాలన్నిటికి సలాం కొట్టొచ్చినవా?" అన్నాడు తోటి కూలీ హాతీరాం.

"అవ్. అవి మళ్ళ సలాం కొడతయి, నీ లెక్క గాదు."

మధ్యాహ్నం గేటు పక్కన పున్నమ్మ చాయ్ హోటల్‌కు వెళ్ళాడు. పున్నమ్మ దూలయ్య భార్య. మొగుడు పోయాక ఆ గడియారాన్ని పసుపు గుడ్డలో చుట్టి దాచుకుంటే రెండోనాటికే ఆగిపోయింది. తన పాపిష్టి చెయ్యి తగిలిందనుకుని, చవగ్గా జానీ మియాకు ఇచ్చేసింది.

"చెల్లె, అది నీ చెయ్యి తగిలి ఆగలే. చేతికి కట్టుకొని తిరిగితేనే నడుస్తది. పెట్టెల పెడితే ఎవలదైనా ఆగుద్ది. నాకు ఆనాడే ఎరుక. మోజుపడి నోరు మూసుకున్న."

పున్నమ్మ వడపోస్తున్న చాయ్ గిన్నె దించింది. మూల ఊయలలో కూతురి బిడ్డ కదిలింది.

"ఏడేండ్లు, జానన్నా. నా బిడ్డ కన్న పసిగుడ్డును గూడ ఎత్తుకోలే. నా చేతులు గసుంటి పాపిష్టియనుకున్న."

ఆయన గడియారం విప్పి బల్లమీద పెట్టాడు. "మాఫ్ చెయ్యి."

"మాఫీ గీఫీ లేదు. చాయ్ చల్లారుతది, తాగి పో."

తాగాడు. పోతూ పోతూ వెనక్కి చూస్తే, పున్నమ్మ ఊయలమీద వంగి, చేతులు చాపి, చాలాసేపు అలాగే నిలబడిపోయి, చివరికి బిడ్డను ఎత్తుకుంది.

డిపోకు వచ్చి నంబరు పడని దుంగకు ఆనుకుని కూర్చున్నాడు. బోసి చేతికి ఎండ వెచ్చగా తగిలింది. వెనక ఏ చప్పుడూ లేదు. కునుకు తీస్తున్నాడనుకుని హాతీరాం ఆయన మొహంమీద తువ్వాలు కప్పి వెళ్ళాడు. నాలుగింటికి వచ్చి చూస్తే, ఊపిరికి ఆ తువ్వాలు కదలడంలేదు.

మర్నాడు జానీ మియా జనాజాను భుజాలమీద మోసుకుంటూ గేటు ముందునుంచి సాగుతుంటే పున్నమ్మ బిడ్డను చంకనేసుకుని నిలబడింది. ఆమె చేతికి గడియారం ఉంది. దాని తోలు పట్టీకి దూలయ్య మణికట్టు సాగదీసిన చిల్లు ఒకటి, జానీ మియాది ఒకటి, బాగా లోపలగా, గోనెసూదితో అప్పుడే పొడిచిన చిన్న చిల్లు ఇంకొకటి.