పేడపురుగుల పెళ్ళికొడుకు

ఏటా జూలైలో, వానలు కాస్త తెరిపి ఇవ్వగానే, యూనివర్సిటీ పిల్లలు మా అడవి మీదికి వచ్చి పడతారు. కోతుల్ని చూసేవాళ్ళు కోతుల వెంట, పిట్టల్ని చూసేవాళ్ళు పిట్టల వెంట, ఏదీ దొరకనివాళ్ళు చెట్ల మొదళ్ళు కొలుచుకుంటూ నెల్లాళ్ళు తిరుగుతారు. దాన్ని కోర్సు అంటారు. అడవి అంచున ఉన్న పరిశోధన కేంద్రంలో వాళ్ళకి వండిపెట్టేదాన్ని నేను. పిల్లలందరూ నన్ను అబ్వోలీ అక్కా అని పిలుస్తారు. మా తోరో సీమలో అసలు పేర్లు బడికీ చర్చికీ మాత్రమే పనికొస్తాయి. నోరారా పిలుచుకోవడానికి మనిషి మనిషికీ ఒక ముద్దుపేరు ఉంటుంది. అది తెలియకుండా పలకరిస్తే పలకరించినట్టే కాదు.

ఆ ఏడు వచ్చినవాళ్ళలో కజూబి అనే కంపాల పట్నం కుర్రాడున్నాడు. బస్సు దిగుతూనే నా దగ్గరికి వచ్చి బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉందా అని అడిగాడు. అడవిలో తిరగడానికి వచ్చి చొక్కాకి మడత నలగకూడదనుకునే మనిషిని అంతకు ముందు నేను చూడలేదు. చింపాంజీల మీద పని చేద్దామని ఆశపడి వచ్చాడు పాపం. అతను వచ్చిన బస్సు దారిలో చెడిపోయి ఆలస్యమైంది. ఈలోగా పనులన్నీ పంచేసుకున్నారు.

"చింపాంజీలు అయిపోయాయి," అన్నాడు కోర్సు నడిపే డాక్టర్ రుసోకె, చపాతీలు అయిపోయాయని చెప్పే హోటలువాడిలాగా. "పేడపురుగులు ఉన్నాయి. ఆచాన్‌తో కలిసి చెయ్యి."

ఆచాన్ ఉత్తరాది గూలూ నుంచి వచ్చిన పిల్ల. మేకల మందలో పుట్టి పెరిగింది. పేడపురుగుల్ని కోరి తీసుకున్నది ఆమె ఒక్కతే. కజూబి మొహం చూడగానే ఆమెకి విషయం అర్థమైపోయింది.

"చూడు బాబూ, పని చాలా తేలిక. అడవిలో గోతులు తవ్వి గిన్నెలు పాతి పెడతాం. పైన పేడ ముద్ద గుడ్డలో కట్టి వేలాడదీస్తాం. వాసనకి పురుగులు వచ్చి గిన్నెలో పడతాయి. ఏ పేడకి ఏవి వస్తాయో లెక్క చూస్తాం. గోతులు నేను తవ్వుతా. ఏనుగు పేడ, ఆవు పేడ నేనే తెస్తా. పంది పెంట ఒక్కటి నువ్వు తెచ్చెయ్."

"ఏనుగు పేడ నేను తెస్తా," అన్నాడు కజూబి.

"ఏనుగు ఉన్నప్పుడు కూడానా?"

కజూబి పందికే ఒప్పుకున్నాడు.

మా ఊళ్ళో పందంటే అకీకి పందే. అకీకి నాకు తోటికోడలు, మా బావగారి భార్య. ఆయన పోయాక ఒంటిచేత్తో ఇల్లు నెట్టుకొచ్చింది. కూతురు కెమిగీసా ఊరి బడిలో టీచరు. కజూబి బయల్దేరుతుంటే నేనే చెప్పాను, పెద్దింటావిడ దగ్గరికి చేతులూపుకుంటూ వెళ్ళకూడదు, కాస్త చక్కెర, ఒక సబ్బు పట్టుకెళ్ళమని. అతను చక్కెర, సబ్బు పట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. బకెట్టు మాత్రం సిగ్గుపడి దారిలో పొదలో దాచిపెట్టాడట.

అకీకి అతన్ని కూర్చోబెట్టి ముద్దుపేరు అడిగింది. అతను కంపాల వైపు గాండా మనిషి, వాళ్ళకి ఆ అలవాటు ఉండదు. లేదన్నాడు. పేరు లేని మనిషితో ఎలా మాట్లాడతామని అప్పటికప్పుడు అపూలి అని పెట్టేసింది. తర్వాత వచ్చిన పని అడిగింది. కజూబి చుట్టూ చూశాడు. పెద్దావిడ, శుభ్రంగా చిమ్మిన వాకిలి, చేతిలో వేడి టీ. పెంట అనే మాట నోటికి రాలేదు.

"మీ పందిని చూద్దామని," అన్నాడు చివరికి.

సరిగ్గా అప్పుడే కెమిగీసా బడికి వెళ్ళడానికి సైకిలు తోసుకుంటూ బయటికొచ్చింది. కజూబి కంగారుపడి లేచి నిలబడ్డాడు. టీ చొక్కా మీద ఒలికింది. అకీకి కూతుర్ని చూసింది, టీ మరకని చూసింది, చక్కెర పొట్లాన్ని చూసింది. ఇంకేం అడగలేదు.

ఆ సాయంత్రం నేను చిక్కుడుగింజల పొట్టు తీస్తుంటే వంటింట్లోకి వచ్చి పీట వేసుకుంది.

"అబ్వోలీ, ఆ కంపాల అబ్బాయి ఎలాంటివాడే?"

"మంచివాడే అక్కా. కూరలో ఉల్లిపాయ ఏరి పక్కన పెడతాడు. అంతకు మించి వంక లేదు."

"మన కెమిగీసా మీద మనసు పడ్డాడు."

"అయ్యో అక్కా, అతనికి కావాల్సింది పంది పెంట."

అకీకి నావైపు జాలిగా చూసింది. "వాళ్ళమ్మ కంపాలలో టీచరట. పెంట కోసం అంత దూరం పంపిస్తుందా? నీకు మరీ లోకం తెలీదే."

"పురుగుల్ని పట్టడానికే అక్కా. డాక్టరుగారే చెప్పారు."

"సిగ్గుపడే మగపిల్లాడు ఏదో ఒక వంక చెప్పక ఏం చేస్తాడు? మీ బావగారు మా ఇంటికి మొదటిసారి గొడ్డలి అరువడగడానికి వచ్చారు. వాళ్ళింట్లో మూడు గొడ్డళ్ళుండేవి."



మర్నాడు కజూబి బకెట్టుతోనే వెళ్ళాడు. ధైర్యం చేసి, పెంట తనే ఎత్తుకుంటానని, ఊరికే తీసుకోవడం బాగుండదు కాబట్టి దొడ్డి కూడా కడిగిపెడతానని చెప్పాడు. అకీకి కళ్ళు చెమర్చాయి. పిల్ల కోసం పందిదొడ్డి కడిగే అల్లుడు ఎవరికి దొరుకుతాడు? అప్పటి నుంచి రోజూ పొద్దున్నే అతను దొడ్డి కడగడం, ఆవిడ పాలటీ ఇచ్చి గుడ్డు వేయించి పెట్టడం. ఊళ్ళో ఆడవాళ్ళు నీళ్ళకి వెళ్ళేదారి మార్చుకుని మరీ ఆ వాకిలి ముందు నుంచి వెళ్ళసాగారు. ఆదివారం చర్చిలో ఆవిడ ముందు వరసలో కూర్చుంది.

ఇక కజూబి సంగతి. మొదట్లో ముక్కుకి గుడ్డ కట్టుకుని గోతుల దగ్గరికి వెళ్ళేవాడు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోయాక పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా నిండా మట్టి. గుడ్డ ఎక్కడో పారేసుకున్నాడు.

"అబ్వోలీ అక్కా, ఒక పురుగుని చూశా. తన కంటే పెద్ద ముద్ద చేసి తలకిందులుగా నిలబడి వెనక్కాళ్ళతో దొర్లిస్తోంది. దారికి వేరు అడ్డమొచ్చింది. ఎక్కించడం, జారిపోవడం, మళ్ళీ ఎక్కించడం. ఇంతలో ఇంకోటి వచ్చి సాయం చేస్తున్నట్టు నటించి, ముద్ద ఎత్తుకుపోయింది."

"దొంగలు అన్ని చోట్లా ఉంటారు నాయనా. కూర్చో, మటోకె అరటికాయ ముద్ద చల్లారిపోయింది."

"నేనైతే పక్కన పడుకుని చూస్తూ ఉండిపోయా."

ఆచాన్ పక్కనే తింటోంది. "చింపాంజీల దగ్గర ఒక చోటు ఖాళీ అయిందట, మార్చుకుంటావా?" అంది.

"నువ్వు మార్చుకో," అన్నాడు కజూబి. ఆ పూట ఉల్లిపాయలు కూడా తినేశాడు.

ఆ తర్వాతి వారమే అకీకి భోజనానికి పిలిచింది. వీడ్కోలు విందు కాబోలు అనుకున్నాడు కజూబి. తోడు ఆచాన్‌ని తీసుకెళ్ళాడు. వడ్డనకి నేనూ వెళ్ళాను. తీరా చూస్తే కెమిగీసా మేనమామలిద్దరూ కోట్లు వేసుకుని, టోపీలు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. వేయించిన కాఫీ గింజలు బుట్టలో పెట్టి అందరికీ నమలడానికి ఇచ్చారు. రాగి ముద్ద, పొగబెట్టిన మాంసం కూర, నెయ్యి వేసి మెదిపిన చిక్కుడుపప్పు. మామూలు విందు కాదది.

పెద్దమామ అమూటి గొంతు సవరించుకున్నాడు. "ఏ వంశం బాబూ మీది?"

"మిడతల వంశమండీ. ఆ పేరున్నందుకు మేం మిడతలు తినం."

"మంచిది. మా ఇంటికి రోజూ వస్తున్నావని విన్నాం. ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా ఇక్కడికే ఎందుకొచ్చావు?"

కజూబి మొహం వెలిగిపోయింది. తన చదువు గురించి ఇంత శ్రద్ధగా అడిగినవాళ్ళు అంతవరకూ లేరు. "చాలా చోట్ల చూశామండీ. ఇంత ఆరోగ్యంగా ఎక్కడా లేదు. మంచి తిండి, మంచి పోషణ. చూడగానే తెలిసిపోతుంది."

మామలు తలలూపారు. అకీకి గర్వంగా పమిట సర్దుకుంది. గుమ్మంలో కూర గిన్నె పట్టుకుని నిలబడ్డ కెమిగీసా అక్కడే ఆగిపోయింది.

"స్వభావం ఎలా ఉంది?" అన్నాడు చిన్నమామ.

"చాలా నెమ్మదండీ. మొదట్లో నన్ను చూసి గుర్రుమనేది. ఇప్పుడు అలవాటైపోయింది. వీపు గోకితే కళ్ళు మూసుకుంటుంది."

చిన్నమామ టోపీ కింద పడింది. కెమిగీసా పెదవి కొరుక్కుంటూ గోడవైపు తిరిగింది. ఆచాన్ ఉలిక్కిపడి నావైపు చూసింది. నేను పప్పు గిన్నెలోకి చూశాను.

అమూటి మాత్రం పట్టు వదల్లేదు. "కంపాలకి తీసుకెళ్తావా?"

"లేదండీ, అక్కడెక్కడ పెట్టుకుంటాం? ఇక్కడే ఉండనివ్వండి. మాకు కావాల్సింది పొద్దున పూట బకెట్టుడు, అంతే."

బయట కోడి గీరుతున్న చప్పుడు వినిపించింది.

"అక్కా," అన్నాడు అమూటి మెల్లగా, "ఈ అబ్బాయి ఎవరి గురించి మాట్లాడుతున్నాడు?"

"పంది గురించి మామయ్యా," అంది కెమిగీసా. గిన్నె కింద పెట్టి, చాప మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "మొదటి రోజు నుంచీ పంది గురించే. నావైపు ఒక్కసారైనా చూశాడా?"

"నీకు తెలుసా?" అంది అకీకి.

"తెలుసమ్మా. దొడ్డి కడిగే పని నాది కదా. నేనెందుకు చెప్తాను?"

ఆచాన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. చిన్నమామ భుజాలు కదలడం మొదలెట్టాయి. కజూబికి అప్పుడు తెలిసొచ్చింది, కాఫీ గింజలు, కోట్లు, టోపీలు ఎందుకో. అకీకి మాత్రం నవ్వలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మగవాళ్ళు అడుగుపెట్టని వంటింట్లోకి కజూబి ఆవిడ వెనకే వెళ్ళాడు. నేనూ వెళ్ళాను, ఎందుకైనా మంచిదని. ఆవిడ పొయ్యిలో లేని నిప్పుని ఊదుతోంది.

"అమ్మా, తప్పైపోయింది. రోజూ టీ ఇస్తుంటే ఇక్కడి మర్యాద అనుకున్నాను."

"టీ మర్యాదే. వచ్చినవాళ్ళందరికీ ఇస్తాం." ఆవిడ వెనక్కి తిరగలేదు. "గుడ్డు వేయించి పెట్టేది అల్లుళ్ళకే."

కజూబి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మడత నలగని ప్యాంటు బూడిదలో. "నాకు తెలీదమ్మా."

"చర్చిలో అందరికీ చెప్పాను. రేపు అడిగితే ఏం చెప్పను? మా పంది మీద మనసు పడ్డాడని చెప్పనా?"

కజూబి తలెత్తాడు. "మీ పంది పెంటకి వచ్చినన్ని పురుగులు దేనికీ రాలేదమ్మా. ఏనుగు పేడకీ రాలేదు, కిసెంబోగారి ఆవుల పేడకీ రాలేదు."

ఆవిడ ఊదడం ఆపింది. కిసెంబో పక్కింటాయన. ఆయన ఆవుల గొప్పలు వినీ వినీ ఆవిడ చెవులు చిల్లులు పడి చాలా ఏళ్ళయింది.

"ఎంత తక్కువ?"

"సగం కూడా లేవు."

"ఆ మాట పదిమందిలో చెప్తావా?"

"శుక్రవారం మా లెక్కలు అందరి ముందూ చెప్పాలి. డాక్టరుగారు, ఇంకా పెద్దపెద్దవాళ్ళు ఉంటారు. మీరు రండి."

శుక్రవారం అకీకి పెళ్ళికి కట్టుకునే బట్టలు కట్టుకుని వచ్చింది. చర్చి వాళ్ళలో సగంమందిని వెంటబెట్టుకుని వచ్చింది. కిసెంబోని కూడా తనే పిలిచిందట. చింపాంజీల్ని చూసిన పిల్లలు చెప్పారు, గబ్బిలాల్ని చూసిన పిల్లలు చెప్పారు, ఊరివాళ్ళు మర్యాదగా ఆవలించారు. కజూబి లేచాక నిద్రపోయినవాళ్ళు లేరు. పురుగు ముద్ద ఎలా దొర్లిస్తుందో తనే వంగి, తల నేలకి ఆనించి, వెనక్కాలు ఎత్తి చూపించాడు. తర్వాత గోడ మీద గీతలు చూపిస్తూ, అన్నిటికంటే పొడుగ్గా ఉన్న గీత అకీకి అమ్మగారి పందిదని పేరు పెట్టి చెప్పాడు.

కిసెంబో చెయ్యెత్తాడు. "మా ఆవులు పాలిస్తాయి."

"ఎవరు కాదన్నారు?" అంది అకీకి. "పురుగులకి కూడా రుచి తెలియాలిగా."

డాక్టర్ రుసోకె నవ్వు ఆపుకోలేక కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆ ఆదివారం చర్చిలో అల్లుడి సంగతి ఎవరూ ఎత్తలేదు. అందరూ పంది గురించే అడిగారు. అది ఏం తింటుందో చెప్పమంటే అకీకి చెప్పలేదు.

కోర్సు పిల్లలు వెళ్ళే ముందు కెమిగీసా కజూబినీ ఆచాన్‌నీ బడికి తీసుకెళ్ళింది, వెంట నేనూ వెళ్ళాను. బడి పిల్లలంతా పచ్చిక మీద బోర్లా పడుకుని ఆవు పేడ చుట్టూ గుమిగూడి మధ్యాహ్నమంతా కదల్లేదు. తిరిగి వస్తూ దారిలో కెమిగీసా నాతో అంది, "నిజంగా నా కోసం వచ్చి ఉంటే వద్దనేదాన్ని పిన్నీ. ఇస్త్రీ చొక్కా మగాళ్ళతో నేను వేగలేను."

కజూబి పై చదువులు కూడా ఆ పురుగుల మీదే చదివాడు. ఏటా వస్తాడు. కెమిగీసా క్యెంజోజో ఊళ్ళో ఆసుపత్రిలో పనిచేసే అతన్ని చేసుకుంది. నెమ్మదైన మనిషి, సన్నగా ఉంటాడు. పెళ్ళికి కజూబి రెండు రోజుల ముందే వచ్చి, అరటిగెలలు మోశాడు, పందిరి వేశాడు, రాత్రి డప్పులు మొదలవగానే అందరికంటే అన్యాయంగా నాట్యం చేశాడు. భోజనాల దగ్గర అతనే వడ్డిస్తుంటే పెళ్ళికొడుకు ఆపి అడిగాడు.

"ఈ ఇంటివాళ్ళకి మీరెలా తెలుసండీ?"

కజూబి గరిటె పట్టుకుని చెప్పబోయాడు. వెనక నుంచి అకీకి వచ్చి అల్లుడి పళ్ళెంలో ఇంకో రాగి ముద్ద పెట్టింది.

"ముందు కడుపునిండా తిను నాయనా," అంది. "అది అన్నం దగ్గర చెప్పే కథ కాదు."